రక్తం లెక్క తప్పలేదు

స్మారక ఉపన్యాసమన్నాక ముందు ఎవరినో ఒకరిని తలచుకోవడం ఆనవాయితీ. అంతఃస్రావ గ్రంథుల గురించి నల్లగొండ గడ్డ మీద మాట్లాడేవాళ్లు మొదట తలచుకోవలసిన పేరు డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ. హైదరాబాద్ దక్కన్‌లోని నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై సిద్దిఖీ రాసిన వ్యాసం 1955 డిసెంబర్ 10 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. సరిగ్గా అదే రోజు, అదే జిల్లాలో, నందికొండ దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. మొదటి సంగతి డాక్టర్లు చదివే పత్రికలోనే ఉండిపోయింది, రెండోది దేశమంతా మార్మోగింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ రెండూ ఒకే చర్చలోకి వచ్చి చేరాయి. ఆ చర్చ నడుమ, మనిషి మెడలో ఎవరికీ కనబడకుండా ఉండే నాలుగు చిన్న గ్రంథులున్నాయి.

నల్లగొండ ఫ్లోరోసిస్ కథను అందరూ రెండు మాటల్లో చెప్పేస్తారు: నీళ్లలో విషముంది, ఎముకలు వంగిపోయాయి. రెండూ నిజమే. అయితే బావి నీళ్లు ఎకాయెకి వెళ్లి ఎముకను వంచవు. నడుమ ఒంటి పాలనా వ్యవస్థ ఒకటుంది. దానికి హార్మోన్లని పేరు. ఆ వ్యవస్థ చెడిపోవడం వల్ల కాదు, తన పని తాను పొల్లుపోకుండా చేయడం వల్లనే అక్కడి పిల్లల కాళ్లు వంగాయన్నది ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్న సంగతి.

ముందు నేల సంగతి. దక్షిణ తెలంగాణ మెట్ట చాలావరకు బూడిదరంగు, గులాబీరంగు గ్రానైట్. రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరిగి నీళ్లలోకి దిగుతుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ, నీళ్లలో కాల్షియం తక్కువ, క్షారం ఎక్కువ. అన్నీ ఫ్లోరైడ్‌కు అనుకూలించేవే. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మేలనీ, మరో దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చనీ మన ప్రమాణాలు చెబుతాయి. నల్లగొండ జిల్లాలో కొన్ని బావులు, బోర్లు ఈ గీతను ఎన్నో రెట్లు దాటాయి. పైగా ఆ గీత రోజుకు రెండు లీటర్లు తాగే మనిషిని ఊహించి గీసింది. ఎండాకాలం చేలో కలుపు తీసే ఆడమనిషి, బావి తవ్వే కూలీ తాగే నీళ్లకు ఆ లెక్క ఏ మూలకూ రాదు. ఒంట్లోకి చేరే మోతాదును నీటిలోని ఫ్లోరైడ్ ఒక్కటే నిర్ణయించదు, దాహం కూడా నిర్ణయిస్తుంది.

భారతదేశంలో ఈ జబ్బును మొదట పట్టుకున్నదీ తెలుగు నేల మీదనే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు అప్పటి నెల్లూరు జిల్లా నుంచి దీన్ని నివేదించారు. వాళ్లు చూసిన పొదిలి, దర్శి ప్రాంతాలు తరువాత ప్రకాశం జిల్లాలో చేరాయి. నల్లగొండలో మర్రిగూడ వైపు బట్లపల్లిలో 1945లోనే దీని జాడ తెలిసిందంటారు.

జబ్బు ముదిరిన మనిషిని పరీక్షించడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్లు ముట్టుకోమంటారు. గడ్డాన్ని రొమ్ముకు ఆనించమంటారు. చేతులు ఎత్తి తల వెనక్కి పెట్టుకోమంటారు. ఫ్లోరోసిస్ రోగి చేయి సగంలో ఆగిపోతుంది, మెడ కదలదు. పక్కనున్న మనిషిని చూడాలంటే మొత్తం ఒళ్లు తిప్పాలి. ఎక్స్‌రేలో వెన్నెముక సుద్దముక్కంత తెల్లగా పడుతుంది. ముంజేతిలోని రెండు ఎముకల నడుమ ఉండే పలచని పొర గట్టిపడి, ఎముక అంచున ముళ్లు మొలిచినట్టు కనిపిస్తుంది. ఈ గుర్తు చూశాక అనుభవమున్న డాక్టరుకు పెద్దగా అనుమానం మిగలదు. కొందరిలో వెన్నుపాము దారి ఇరుకై, నరాలు నలిగి, కాళ్లు పడిపోతాయి. పళ్ల మీది గోధుమరంగు గార వీటన్నిటికంటే ముందే, చిన్నతనంలోనే కనబడుతుంది.

ఇక గ్రంథుల దగ్గరికి వద్దాం. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ ఒక కుక్క చిన్నపేగుకు నరాల సంబంధం తెంపేశారు. అయినా పేగులోకి ఆమ్లం పోయగానే క్లోమం రసం స్రవించింది. నరం లేకుండా కబురు ఎట్లా అందింది? రక్తం ద్వారా. ఆ రసాయనానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ ఇటువంటి కబుర్లన్నిటికీ కలిపి హార్మోను అన్న మాటను ప్రచారంలోకి తెచ్చారు. పీయూష గ్రంథి, థైరాయిడ్, అధివృక్క గ్రంథులు, క్లోమంలోని ఇన్సులిన్ దీవులు, అండాశయాలు, వృషణాలు, ఇవన్నీ నాళాలు లేకుండా నేరుగా రక్తంలోకే తమ సరుకు వదులుతాయి. పెరుగుదల, ఒంటి వేడి, చక్కెర, ఉప్పు, సంతానం, నిద్ర అన్నీ వాటి చేతిలో ఉన్నాయి. పాఠ్యపుస్తకం ఈ జాబితాను బాగానే చెబుతుంది. నల్లగొండకు కావలసింది ఆ జాబితాలో అట్టడుగున, ఒక్కోసారి అర పేజీతో సరిపెట్టే పారాథైరాయిడ్.

ఆ గ్రంథిని కనుక్కున్న తీరే ఒక వింత. లండన్ జంతుప్రదర్శనశాలలో భారత జాతి ఖడ్గమృగం ఒకటి 1849లో చచ్చిపోతే రిచర్డ్ ఓవెన్ దాన్ని కోసి చూశారు. థైరాయిడ్‌ను అంటిపెట్టుకుని ఉన్న చిన్న పసుపుపచ్చని ముద్దను గమనించి రాసిపెట్టారు. మనిషిలో అది ఉందని తేల్చింది స్వీడన్‌లోని ఉప్సాలాకు చెందిన ఇవార్ శాండ్‌స్ట్రోమ్, 1880లో. అంత పెద్ద జంతువులో ముందు దొరికిందంటేనే మనిషిలో ఎంత చిన్నదో ఊహించుకోవచ్చు. కందిపప్పు బద్దంత సైజు, ఒక్కోటి ముప్పై నలభై మిల్లీగ్రాముల బరువు, థైరాయిడ్ వెనక సాధారణంగా నాలుగు. పాతకాలం సర్జన్లు గొంతుగడ్డ తీసేటప్పుడు వీటిని కూడా తెలియక తీసేసేవాళ్లు. ఆపరేషన్ అయిన రెండు మూడు రోజులకు రోగి వేళ్లు కొంకర్లు పోయి, కండరాలు బిగుసుకుని, ప్రాణం మీదికొచ్చేది.

ఎందుకంటే ఈ గ్రంథులు కాపలా కాసేది రక్తంలోని కాల్షియాన్ని. పెద్ద మనిషి ఒంట్లో దాదాపు కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలో. రక్తంలో ఉండేది 100 మిల్లీలీటర్లకు 9 నుంచి 10 మిల్లీగ్రాముల చిల్లర. ఆ చిల్లర మీదే నరం కబురు, కండరం బిగువు, గుండె కొట్టుకోవడం ఆధారపడి ఉన్నాయి. ఎముకలో కాస్త తగ్గితే ఏళ్ల తరబడి తెలియదు. రక్తంలో తగ్గితే గంటల్లోనే ప్రమాదం. కాబట్టి రెంటిలో ఒకటి వదులుకోవలసి వస్తే దేన్ని వదులుకోవాలో శరీరం ఎప్పుడో తేల్చుకుంది.

పొద్దున ఒక జొన్నరొట్టె తిని పనికి పోయిన మనిషిని తీసుకోండి. మధ్యాహ్నానికి రక్తంలో కాల్షియం పిసరంత జారుతుంది. పారాథైరాయిడ్ కణాల పైపొరలో కాల్షియాన్ని పసిగట్టే ప్రొటీన్ ఒకటుంది. దాని జన్యువును 1993లో పట్టుకున్నారు. ఆ ప్రొటీన్ చెప్పిన మరుక్షణమే పారాథైరాయిడ్ హార్మోను రక్తంలోకి వస్తుంది. వచ్చిన హార్మోనులో సగం కొద్ది నిమిషాల్లోనే కరిగిపోతుంది కాబట్టి గ్రంథి ఎప్పటికప్పుడు కొత్తగా వదులుతూనే ఉండాలి. అది మూడు చోట్ల పని చేస్తుంది. మూత్రంలో పోబోయే కాల్షియాన్ని కిడ్నీ చేత వెనక్కి లాగిస్తుంది, ఫాస్ఫేటును బయటికి తోయిస్తుంది. అదే కిడ్నీలో విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్పిస్తుంది. ఆ విటమిన్ డి, నిజానికి అదీ ఒక హార్మోనే, పేగుకు పోయి తిండిలోని కాల్షియాన్ని ఎక్కువ పీల్చుకొమ్మంటుంది. ఇక ఎముకకు కబురు పోతుంది: నిల్వలోంచి కొంత విడుదల చేయి. ఎముకను కట్టే కణాలకు ముందు ఈ కబురందుతుంది, అవి ఎముకను కరిగించే కణాలను లేపుతాయి. రక్తంలో లెక్క సరికాగానే గ్రంథి నెమ్మదిస్తుంది. తిండిలో కాల్షియం ఉన్నవాళ్లకు ఇదంతా రోజుకు ఎన్నోసార్లు గుట్టుచప్పుడు కాకుండా జరిగిపోతుంది.

ఇప్పుడు ఇందులోకి ఫ్లోరైడ్‌ను దింపండి. అది ఎముక స్ఫటికంలో హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. అట్లా తయారైన ఫ్లోర్‌అపటైట్ గట్టి సరుకు, ఓ పట్టాన కరగదు. పైగా ఫ్లోరైడ్ ఎముక కట్టే కణాలను రెచ్చగొడుతుంది. అవి ఎడాపెడా కొత్త ఎముక పేరుస్తాయి, దానికి రక్తం నుంచి కాల్షియం లాగుతాయి. అంటే రక్తం మీద రెండు వైపుల నుంచి దెబ్బ: ఖర్చు పెరిగింది, నిల్వ తీయడానికి వీల్లేకుండా బిగిసింది. పాలు, పెరుగు పుష్కలంగా ఉన్న ఇంట్లో పేగు ఆ లోటును పూడుస్తుంది. రొట్టె, పచ్చిపులుసుతో పొద్దు గడిపే ఇంట్లో పూడ్చేదెవరు? పారాథైరాయిడ్ మరింత హార్మోను వదులుతుంది, ఎక్కడ కరగడానికి వీలుంటే అక్కడి ఎముకను కరిగిస్తుంది. వెన్నెముక సుద్దలా గట్టిపడుతుంటే అదే మనిషి కాళ్ల ఎముకలు డొల్లబారుతాయి. ఎదిగే పిల్లల్లో ఆ డొల్ల ఎముక ఒంటి బరువుకు వంగుతుంది. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటూ, పాదాలు దూరదూరంగా పడే నడక వస్తుంది.

ఎముక డొల్లబారి కాళ్లు వంగే ఈ రెండో రూపాన్ని లోకానికి చెప్పింది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. కూనూరు నుంచి 1958లో ఇక్కడికి తరలివచ్చిన సంస్థ అది. అక్కడి శాస్త్రవేత్తలు కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో దీన్ని ప్రకటించారు. ఫ్లోరోసిస్ అంటే ఎముక గట్టిపడటమేనని అప్పటిదాకా అందరి మనసులో ఉంది. గట్టిపడటమూ, డొల్లబారడమూ ఒకే ఒంట్లో ఉంటాయని వాళ్లు చూపించారు. అదే ఏడాది ఉత్తరప్రదేశ్‌కు చెందిన తియోతియా దంపతులు ఫ్లోరోసిస్ రోగుల్లో కొందరికి పారాథైరాయిడ్ అతిగా పనిచేస్తోందని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1976లో శివకుమార్, కృష్ణమాచారి కాళ్లు వంకరపోయిన రోగుల రక్తంలో ఆ హార్మోనునే కొలిచారు. అది ఎక్కువగానే ఉంది.

కొలవడం అంటే అప్పట్లో చిన్న సంగతి కాదు. రక్తంలో హార్మోను ఉండే మోతాదు గ్రాములో లక్షల కోట్లవ వంతుల్లో. దాన్ని తూచే రేడియో ఇమ్యునో పరీక్షను బెర్సన్, రోజలిన్ యాలో ఇన్సులిన్ కోసం కనిపెట్టి, 1963లో పారాథైరాయిడ్ హార్మోనుకూ వర్తింపజేశారు. యాలోకు 1977లో నోబెల్ వచ్చింది. ఆ నోబెల్‌కు ఒక ఏడాది ముందే నల్లగొండ పల్లెల రోగుల రక్తం ఆ పద్ధతిలో పరీక్షకు వెళ్లిందన్నది ఈ ప్రాంతం చెప్పుకోదగిన ముచ్చట, చెప్పుకున్నట్టు లేదు.

పారాథైరాయిడ్ తనంతట తానే చెడిపోతే ఏమవుతుందో తెలియడానికి చార్లెస్ మార్టెల్ అనే అమెరికన్ ఓడ కెప్టెన్ ఉన్నాడు. గ్రంథిలో కంతి పుట్టి హార్మోను అడ్డూ అదుపూ లేకుండా కారింది. ఎముకలు విరిగాయి, కెప్టెన్ ఏడంగుళాల దాకా పొట్టివాడయ్యాడు. సర్జన్లు మెడంతా వెతికారు, దొరకలేదు. ఏడో ఆపరేషన్‌లో, 1932లో, కంతి ఛాతీలో దొరికింది. కొద్ది వారాలకే చనిపోయాడు. మార్టెల్‌ది గ్రంథి తప్పు, రక్తంలో కాల్షియం మితిమీరింది. నల్లగొండ పిల్లల విషయం వేరు. వాళ్ల గ్రంథిలో ఏ కంతీ లేదు. తప్పు ఎక్కడున్నా మెడలో మాత్రం లేదు.

నల్లగొండ ఎముకల కథకు అమెరికాలో ఒక విచిత్రమైన ప్రతిధ్వని ఉంది. ఫ్లోరైడ్ ఎముకను పెంచుతుంది కదా, బోలు ఎముకల వృద్ధ స్త్రీలకు దాన్నే మందుగా ఇస్తే ఎట్లా ఉంటుందని అక్కడి వైద్యులు ఆలోచించారు. మేయో క్లినిక్‌కు చెందిన రిగ్స్ బృందం 1990లో ఫలితాలు ప్రకటించింది. వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం మూడింతలైంది. మందుతోపాటు రోజూ కాల్షియం మాత్రలు ఇచ్చినా ఇదీ ఫలితం. ఎక్కువ ఎముక అంటే మంచి ఎముక కాదని మర్రిగూడలో ఎవరిని అడిగినా చెప్పి ఉండేవాళ్లు. మరో పక్క, అదే పారాథైరాయిడ్ హార్మోను ముక్క ఒకటి 2002 నుంచి ఎముక పెంచే మందుగా అమ్ముడవుతోంది. రోజుకోసారి సూదిగా ఇస్తే, కాసేపు పెరిగి తగ్గిపోతే, ఎముక కట్టుకుంటుంది. పగలూ రాత్రీ రక్తంలో ఎక్కువగా నిలబడిపోతే ఎముకను తింటుంది. హార్మోను మోతాదు ఎంత ముఖ్యమో దాని వేళ కూడా అంతే ముఖ్యం. కాల్షియం లేని తిండి తినే పిల్లవాడిలో ఆ హార్మోనుకు దిగే వేళే లేదు.

మరి కాళ్ల వంకర్లు సిద్దిఖీ కాలం తరువాతే ఇంతగా ఎందుకు బయటపడ్డాయి? ఇక్కడే సాగర్ మళ్లీ వస్తుంది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఊట వల్ల చుట్టుపక్కల భూగర్భ జలం పైకొచ్చి, నేల క్షారం పెరిగి, అందులో పండిన జొన్నలోకి మాలిబ్డినం ఎక్కువగా చేరిందనీ, అది ఒంట్లోని రాగిని బయటికి పంపుతోందనీ, రాగి లేక ఎముక అల్లిక బలహీనపడిందనీ కృష్ణమాచారి బృందం వాదించింది. వాదన ఆకర్షణీయంగా ఉంది. ప్రాజెక్టులంటే పడనివాళ్లు దాన్ని వెంటనే అందుకున్నారు కూడా. మాలిబ్డినం పాత్ర ఎంతో కచ్చితంగా తేలకపోయినా, తిండిలో కాల్షియం కొరత, పారాథైరాయిడ్ ఒత్తిడి అన్న వివరణ మాత్రం ఆ తరువాతి పరిశోధనల్లోనూ నిలబడింది. ఒకే బావి నీళ్లు తాగిన ఇళ్లలో పాడి ఉన్న ఇంటి పిల్లలకూ కూలి ఇంటి పిల్లలకూ జబ్బు ఒకే తీరున ఎందుకు రాదో దాంతో అర్థమవుతుంది.

పాలమూరు సంగతి ఇంకో అడుగు ముందుకు పోతుంది. పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ నుంచి గుంపు మేస్త్రీల వెంట తరతరాలుగా మట్టి పనికి వలసపోయిన కూలీలు దేశంలో ఎన్నో డ్యాముల కట్టలు పోశారు. ఎండలో పొద్దంతా పని, అంతకు తగ్గ దాహం, వెంట తీసుకుపోయిన జొన్నలు, తాత్కాలిక గుడిసె పక్కన ఏ బోరు ఉంటే ఆ నీళ్లు. ఫ్లోరైడ్ మోతాదును పెంచేవీ, కాల్షియాన్ని తగ్గించేవీ అన్నీ ఆ బతుకులో ఒక్కచోట కుప్పపడ్డాయి. ఊరిని బట్టి గీసే ఫ్లోరోసిస్ పటాల్లో ఊరు వదిలినవాళ్లు ఎక్కడ కనబడతారు?

థైరాయిడ్ గురించి కూడా ఒక మాట. ఫ్లోరైడ్ థైరాయిడ్‌ను దెబ్బతీస్తుందన్న ప్రచారం చాలా ఉంది. అయొడిన్ తక్కువైన చోట ఎక్కువ ఫ్లోరైడ్ ఇబ్బంది పెట్టవచ్చని కొన్ని పరిశోధనలు చెబుతాయి, మరికొన్నింటిలో అది కనబడలేదు. పారాథైరాయిడ్ విషయంలో ఉన్నంత గట్టి ఆధారం అక్కడ లేదు. రెండు గ్రంథులూ పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకదాని కేసు రెండోదాని మీద పెట్టకూడదు.

నీళ్ల కోసం జరిగిన పని చాలానే ఉంది. 1970ల్లో నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతిని రూపొందించింది. దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు. ఆ పేరు టాంజానియా దాకా పోయింది. జిల్లాలో మాత్రం రోజూ మందు కలిపి, మడ్డి తీసే ఓపిక, జీతం ఎవరికీ దీర్ఘకాలం దొరకలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, నీళ్ల కోసం పోరాడుతున్న జలసాధన సమితి పిలుపుతో నామినేషన్లు వెల్లువెత్తి నల్లగొండ స్థానంలో 480 మంది బరిలో నిలిచారు, బ్యాలెట్ పత్రం పుస్తకమై కూర్చుంది. కృష్ణా జలాలు మెట్ట ఊళ్లకు మెల్లమెల్లగా చేరాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లాలు ఇంటింటికీ వచ్చాయి. 2020లో కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన లెక్కలో తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య సున్నాకు దిగింది.

ఆ సున్నా నీళ్లది, మనుషులది కాదు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ ఎముక పాతబడి కొత్తది కట్టుకునే కొద్దీ ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. వంగిన ఎముక దానంతట అది నిటారు కాదు. ఈ విడుదలను తిండి కొంత తొందరపెట్టగలదా అని పోషకాహార సంస్థవాళ్లే చూశారు. ఖండారే బృందం కొందరు అబ్బాయిలకు మధ్యాహ్న భోజనంతో రోజూ 10 గ్రాముల చింతపండు పెట్టి 2002లో ఫలితం ప్రకటించింది: మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా పోయింది. చింతపండు తినమని తెలంగాణవాళ్లకు ఒకరు చెప్పాలా అనిపించవచ్చు. దానికంటే పెద్ద అండ తైదలు, అంటే రాగులు. 100 గ్రాముల తైదల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, జొన్నల్లో దానిలో పదో వంతు కూడా ఉండదు. తైదంబలి మానేసి రేషన్ బియ్యానికి మారిన ఇంట్లో ఆ మేరకు కాల్షియం తగ్గింది. ఫ్లోరైడ్ లేని నల్లా వచ్చాక కూడా పారాథైరాయిడ్‌కు ఈ లెక్క అవసరమే.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. పాత నల్లగొండలోనే ఉన్న బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. 1976లో అరుదైన హార్మోను పరీక్ష ఇప్పుడు మామూలు ల్యాబుల్లో జరుగుతోంది. యాభై దాటిన పాత రోగుల్లో పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్ డి, కాల్షియం, క్రియాటినిన్ నాలుగూ కలిపి చూడటం ఈ కాలేజీలకు పెద్ద పని కాదు. క్రియాటినిన్ ఎందుకంటే, ఫ్లోరైడ్ ఒంట్లోంచి పోయేది ప్రధానంగా కిడ్నీ గుండానే. కిడ్నీ నీరసిస్తే ఫ్లోరైడ్ నిలిచిపోతుంది, విటమిన్ డి పనిచేసే రూపంలోకి మారదు, పారాథైరాయిడ్ మళ్లీ పరుగు అందుకుంటుంది. చిన్నప్పుడు బావి నీళ్లు తాగి, ఇప్పుడు షుగరు, బీపీతో కిడ్నీ సగం పోగొట్టుకున్న పెద్దమనిషి ఓపీలో కూర్చుని మోకాళ్ల నొప్పులని చెబుతాడు. డాక్టరు నొప్పి మాత్ర రాస్తే ఆ మాత్ర మిగిలిన కిడ్నీని కూడా దెబ్బతీయవచ్చు. రాయడానికి ముందు ఏ ఊరని అడిగి, గడ్డాన్ని రొమ్ముకు ఆనించమని చూస్తే, ఏ పరీక్షలకు పంపాలో తెలుస్తుంది.